నాయన షెడ్డుకి జర్మనీ గోడలు, రైల్వే గేటు దగ్గర టాటా లారీ: ఆరు నెలల్లో నేను కొన్న హెచ్‌ఓ మోడళ్ళ రివ్యూ

రైలు లేఅవుట్, అంటే బల్ల మీద చిన్న రైళ్ళూ ఊరూ కట్టడం, మొదలుపెట్టినవాళ్ళు డబ్బంతా ఇంజన్‌కీ పట్టాలకీ పెట్టేసి, కార్లూ బిల్డింగులూ చివర్లో దొరికింది దొరికినట్టు తెచ్చి పెట్టేస్తారు. నేనూ రెండేళ్ళు అదే చేశాను. పక్కన నిలబెట్టిన కారు అరంగుళం పెద్దదైతే చాలు, ఎంత ఖరీదు పెట్టిన ఇంజనైనా బొమ్మలా కనపడుతుంది. అందుకే ఈ ఆరు నెలలు కొత్త ఇంజన్ జోలికి పోకుండా బండ్లూ బిల్డింగులే కొన్నాను. ముక్కలు అతికించి కట్టుకునే రెండు జర్మన్ బిల్డింగు కిట్లు, పదకొండు బండ్లు, మన దేశంలోనే లేజర్‌తో కోసి అమ్ముతున్న ఒక పెంకుటిల్లు, రెండు డబ్బాల మనుషులు. ఏది పనికొచ్చింది, ఏది అలమర్లో ఉండిపోయింది, ఎంత ఖర్చయింది, అన్నీ రాస్తున్నాను. కొనబోయేవాళ్ళకి కొంత డబ్బన్నా మిగులుతుంది.

మాది నెల్లూరు, వేదాయపాళెం. మా నాయన బిట్రగుంట లోకో షెడ్డులో ఫిట్టరుగా చేశాడు. కావలికీ నెల్లూరుకీ మధ్య, ఇవాళ చాలా రైళ్ళు ఆగకుండా దూసుకుపోయే బిట్రగుంట ఆవిరి ఇంజన్ల కాలంలో పెద్ద షెడ్డు. ఊరికి ఊరే రైల్వే కాలనీ. 1980 ప్రాంతంలో విజయవాడ, మద్రాసు లైను మీదికి కరెంటు ఇంజన్లు వచ్చాక ఆ సందడి తగ్గిపోయింది. నాయనకి ఇప్పుడు డెబ్బై తొమ్మిది. మేడ మీద గదిలో 9 అడుగుల పొడవు, 3 అడుగుల వెడల్పు ప్లైవుడ్ బల్ల మీద 1970ల నాటి బిట్రగుంట వాతావరణాన్ని కడుతున్నాను. అచ్చంగా ఆ ఊరే కడదామంటే చోటు చాలదు. హెచ్‌ఓలో, అంటే నిజాన్ని 87 వంతుకి తగ్గించే నా స్కేల్లో, 9 అడుగులంటే నిజంలో 240 మీటర్లే, ఇరవై నాలుగు బోగీల రైలు నిలబెడితే అందులో సగం కూడా పట్టదు. ఒక షెడ్డు, ఒక గూడ్స్ షెడ్డు, నాలుగు క్వార్టర్లు, ఒక రైల్వే గేటు, గేటు దగ్గర ఆగిన బండ్లు. అంతవరకే పెట్టుకున్నాను.

స్కేలు గొడవ ముందు తేల్చుకోవాలి. హెచ్‌ఓ అంటే 1:87. అంటే నిజం బండిని 87 తో భాగిస్తే బొమ్మ సైజు వస్తుంది. ఓఓ అని ఇంగ్లండు వాళ్ళది 1:76, అదీ అదే 16.5 మిల్లీమీటర్ల వెడల్పు పట్టాల మీదే నడుస్తుంది, అందుకని షాపుల్లో రెండూ కలిపేసి అమ్ముతుంటారు. ఎన్ స్కేలు 1:160. మన దగ్గర ఎక్కడ చూసినా దొరికే హాట్ వీల్స్ కార్లు సుమారుగా 1:64 అంటారు కానీ, ప్యాకెట్లో పట్టాలి కాబట్టి పెద్ద కారైనా చిన్న కారైనా దాదాపు ఒకే పొడవు ఉంటాయి. కాబట్టి లేఅవుట్‌కి వాటిని లెక్కలోకి తీసుకోలేం. సెంటీ టాయ్స్ వాళ్ళ అంబాసిడర్, ఆటో చూడ్డానికి ముచ్చటగా ఉంటాయి, మా మేనల్లుడి దగ్గర రెండూ ఉన్నాయి, కానీ అవి పిల్లల చేతికి సరిపడే సైజు. హెచ్‌ఓ రైలు పక్కన పెడితే ఆటో మరీ పెద్దగా కనపడుతుంది.

నేను ఒక చిన్న కాగితం రాసి, మిల్లీమీటర్లు కొలిచే వెర్నియర్ డబ్బాలో పెట్టుకున్నాను. అంబాసిడర్ నిజం పొడవు దాదాపు 4.3 మీటర్లు, హెచ్‌ఓలో 5 సెంటీమీటర్లకి ఒక గీత అటూ ఇటూ. మారుతీ 800 అయితే 38 మిల్లీమీటర్లు. ఆటో 30. పాత ఐసీఎఫ్ రకం బోగీ 245, కొత్త ఎల్‌హెచ్‌బీ రకం బోగీ 270. అయిదున్నర అడుగుల మనిషి 19. ఇంటి తలుపు 7 అడుగులు అనుకుంటే 24 లేదా 25. ఏది కొన్నా డబ్బా విప్పగానే ఈ కాగితం ముందు పెట్టుకుని కొలుస్తాను. డబ్బా మీద అచ్చేసిన స్కేలుని నమ్మి నేను ఒకసారి మోసపోయాను, ఆ సంగతి కింద చెప్తాను.

ఇంకొక చిక్కు కూడా ఉంది, ఇది మన లైను కట్టేవాళ్ళకే. 16.5 మిల్లీమీటర్లని 87 తో గుణిస్తే 1435 వస్తుంది, అది యూరప్ గేజి, అంటే రెండు పట్టాల మధ్య దూరం. మన బ్రాడ్ గేజి 1676, హెచ్‌ఓలో అది 19 మిల్లీమీటర్ల పైన ఉండాలి. అంటే మన బోగీని సరైన సైజులో చేసి ఆ పట్టాల మీద పెడితే కింద కాళ్ళు దగ్గరగా పెట్టుకుని నిలబడ్డట్టు కొంచెం ఇరుకుగా కనపడుతుంది. పట్టాలకి సరిపోవాలని బోగీని 1:101 కి తగ్గిస్తే ఆ సైజులో కార్లూ ఇళ్ళూ ఎవరూ అమ్మరు. కాబట్టి పట్టాల దగ్గర రాజీ పడి మిగతాదంతా 1:87 లో కట్టుకోవడం మంచిది, నేనదే చేశాను. గులకరాయి వేసి పక్కన గడ్డి పెంచాక ఆ తేడా పెద్దగా తెలియడం లేదు కూడా.

ఇక బిల్డింగులు. మొదటిది ఫాలర్ వాళ్ళ రెండు ఇంజన్లు పట్టే షెడ్డు కిట్. ఫాలర్ జర్మనీలో బ్లాక్ ఫారెస్టు ప్రాంతంలోని గూటెన్‌బాఖ్ అనే ఊరి కంపెనీ, 1946 లో ఇద్దరు అన్నదమ్ములు మొదలుపెట్టింది. డబ్బా విప్పితే ముక్కలన్నీ రంగురంగుల ప్లాస్టిక్ ఫ్రేముల్లో అతుక్కుని ఉంటాయి, గోడలు ఒక రంగు, కప్పు ఒక రంగు, కిటికీ చట్రాలు ఇంకో రంగు. రంగు వేయకపోయినా కట్టేసి పెట్టుకోవచ్చు. ప్రతి ముక్క పక్కన నంబరు, పుస్తకంలో బొమ్మల్లోనే అంతా ఉంటుంది, జర్మన్ రానక్కర్లేదు. వాళ్ళ జిగురు సీసాకి సన్నటి సూది లాంటి గొట్టం ఉంటుంది, దాన్ని కూడా తప్పకుండా తెప్పించుకోండి. ఫెవిక్విక్ వాడితే కిటికీ అద్దాల మీద తెల్లటి పొగ పడుతుంది, నేను ఒక కిటికీ అలా పాడుచేసుకున్నాను. నెయిల్ కట్టర్‌తో ముక్కలు విరగ్గొట్టొద్దు, మొన చదునుగా ఉండే చిన్న కట్టర్ 200 రూపాయల్లోపు దొరుకుతుంది, దాంతో కోసి సన్న ఉప్పు కాగితంతో రుద్దితే అతుకు తెలియదు.

నాలుగు ఆదివారాలు పట్టింది. గోడ మీద ఒక్కో ఇటుక విడిగా చెక్కినట్టుంది, ఇటుకకీ ఇటుకకీ మధ్య గాడి ఎంత సన్నగా ఉందంటే పల్చటి సున్నం రంగు బ్రష్‌తో పోసి గుడ్డతో తుడిస్తే ఆ గాడుల్లోనే తెలుపు నిలబడింది. పైకప్పు మీద పొగ పోయే గూళ్ళు వరసగా ఉన్నాయి. కట్టడం పూర్తయ్యాక కిందికి తెచ్చి నాయన ముందు పెట్టాను. కళ్ళజోడు పైకెత్తి, వంగి, లోపలికి తొంగి చూశాడు.

“ఏంది అబ్బయ్యా, షెడ్డుకి తలుపులు పెట్టావు?”

“వాళ్ళ దేశంలో మంచు పడుతుంది గదా నాయనా, అందుకని పెడతారంట.”

“మనకేం మంచు. తీసెయ్. గాలి ఆడకపోతే మనిషి లోపల నిలబడలేడు. మసి ఏది? షెడ్డంటే ముందు మసి.”

తలుపులు తీసేశాను. జర్మన్ కిట్ కొనే మనవాళ్ళందరికీ నేను చెప్పేది ఇదే, వాళ్ళ ఊరి వాతావరణానికి తగ్గట్టుగా కట్టినవి ముందు తీసెయ్యండి. నిట్టనిలువుగా ఉండే కప్పులు మంచు జారడానికి. ప్రతి ఇంటి మీదా పొగగొట్టం చలి కాచుకోవడానికి. కప్పు ఏటవాలు తగ్గించి, గొట్టం కోసేసి, గోడకి పసుపు సున్నం రంగు, కింద రెండడుగుల ఎత్తు వరకు ఎర్ర గేరు పట్టీ వేస్తే చాలు, అదే కిట్ మన రైల్వే క్వార్టరైపోతుంది. మసి కోసం నాయన చెప్పినట్టే చేశాను. మా వీధి చివర ఇస్త్రీ బండి దగ్గర రెండు బొగ్గు ముక్కలు అడిగి తెచ్చి, రోట్లో మెత్తగా నూరి, పల్చటి గుడ్డలో జల్లించి, మెత్తటి బ్రష్‌తో పొగ గూళ్ళ చుట్టూ కింది నుంచి పైకి అద్దాను. పైన మెరుపు లేని వార్నిష్ స్ప్రే ఒక్క చుట్టు. అమ్మకానికి దొరికే మసి పొడుల డబ్బాలు ఉన్నాయి, వాటి అవసరం లేదు. నాయన తన వేలితోనే ఒక స్తంభం మీద కొంచెం రుద్దాడు, ఆ వేలి గుర్తు మీద వార్నిష్ కొట్టకుండా అలాగే ఉంచాను.

రెండోది ఔహాగెన్ వాళ్ళ గూడ్స్ షెడ్డు. జర్మనీలోనే శాక్సనీ కంపెనీ. ధర ఫాలర్ కంటే నాకు తక్కువ పడింది, ఇటుక గోడలు దానికేం తీసిపోవు. గూడ్స్ షెడ్డు కాబట్టి ముందుకు చాచిన చూరు, ఎత్తైన అరుగు, జరిపే తలుపులు, ఇవన్నీ మన పాత స్టేషన్లలో ఉన్నవే. పెద్దగా మార్చాల్సిన పని పడలేదు. మొదటిసారి కిట్ కట్టేవాళ్ళు దీనితో మొదలుపెడితే మంచిది. అరుగు మీద గోనె బస్తాలు నేనే చేశాను, ఎం-సీల్‌ని బియ్యపు గింజంత ఉండలు చేసి, మధ్యలో సూదితో నొక్కి, గోనె రంగు వేశాను.

మూడోది మన దేశం కిట్. 3 మిల్లీమీటర్ల ఎమ్‌డీఎఫ్ చెక్కని లేజర్‌తో కోసి పంపే పెంకుటిల్లు, ముందు వసారా, నాలుగు స్తంభాలు. చేసినవాళ్ళ పేరు రాయడం లేదు, చిన్న వ్యాపారం, నా ఒక్కడి అనుభవంతో వాళ్ళకి నష్టం జరగకూడదు. బొమ్మ చూసి మనసు లాగేసింది, అలాంటి ఇల్లు ఏ జర్మన్ కంపెనీ కూడా చెయ్యదు. 1,450 రూపాయలు. కానీ కొలిస్తే తలుపు 34 మిల్లీమీటర్లు. అంటే నిజంలో దాదాపు 3 మీటర్లు, పది అడుగుల తలుపు. మనిషి బొమ్మని పక్కన నిలబెడితే తలుపు సగం దాటి కొంచెం పైకి వచ్చాడు, అంతే. వాళ్ళకి మెసేజ్ పెడితే బొమ్మల ఇంటి కోసం చేసిన ఫైలుని తగ్గించి కోస్తున్నామని మర్యాదగానే ఒప్పుకున్నారు. లేజర్ కాల్చిన అంచులు నల్లగా ఉంటాయి, వాటిని రుద్దకపోతే రంగు పట్టదు. నేను ఆ ఇంటిని వదలలేదు, గోడలు కింద నుంచి 8 మిల్లీమీటర్లు కోసేసి, తలుపులు కార్డుతో కొత్తగా చేసి పెట్టాను. మంగళూరు పెంకుల కప్పు మాత్రం వాళ్ళు చాలా బాగా చేశారు. స్కేలు సరిచేసుకుంటే ఈ కిట్ అందరికీ చెప్తాను.

ఇప్పుడు బండ్లు. పదకొండిట్లో నాకు అన్నిటికంటే సంతోషం ఇచ్చింది బ్రెకీనా వాళ్ళ మెర్సిడెస్ ఎల్ 311 లారీ. జర్మనీ లారీకి బిట్రగుంటలో ఏం పని అనుకుంటారేమో. టాటా వాళ్ళు 1954 లో డైమ్లర్ బెంజ్‌తో కలిసి లారీలు చెయ్యడం మొదలుపెట్టారు, ఆ ఒప్పందం 1969 వరకు నడిచింది. ఆ కాలం టాటా లారీల ముందు ఉండే గుండ్రటి ముక్కు, పొడుగు బానెట్టు బెంజ్ వాళ్ళవే, నక్షత్రం గుర్తుతో సహా. టాటా మెర్సిడెస్ లారీ అని మన పెద్దవాళ్ళు ఇప్పటికీ అంటారు. 1970ల బిట్రగుంట రోడ్డు మీద అలాంటివి చాలానే ఉండి ఉంటాయి, కాబట్టి నాకు కావలసిన మొహం రెడీమేడ్‌గా ఈ మోడల్లో దొరికింది. స్టీరింగు ఎడమ వైపు ఉంటుంది, క్యాబిన్ విప్పి కుడికి మార్చుకోవాలి, అది ఓపికతో చేసే పని. వెనక తొట్టి తీసేసి అగ్గిపుల్లల చెక్కతో మన లారీ బాడీ కట్టాను, పక్కల ఎత్తు పెంచి, క్యాబిన్ నెత్తిమీద సామాన్లు పెట్టుకునే గూడు, దాని మొహానికి పసుపు మీద ఎరుపు గీతలు, వెనక “సౌండ్ హారన్” అని ట్రిపుల్ జీరో బ్రష్‌తో రాశాను. ఆ అక్షరాలకే ఒక సాయంత్రం పట్టింది. బంపరుకి నిమ్మకాయ, మిరపకాయలు దారంతో వేలాడదీశాను, నిమ్మకాయ అంటే ఆవగింజకి పసుపు రంగు వేసిందే.

నాయన ఆ లారీని అరచేతిలో పెట్టుకుని చాలాసేపు తిప్పి చూశాడు. గూడూరు నుంచి అభ్రకం పెట్టెలు ఇలాంటి వాటిల్లోనే వచ్చేవన్నాడు. అందుకని తొట్టిలో చెక్కపెట్టెలు పెట్టాను, మూతలు కొంచెం తెరిచి, లోపల వెండి రంగు చాక్లెట్ కాగితం ముక్కలు.

రెండోది వీకింగ్ వాళ్ళ జీపు. విల్లీస్ జీపు మన మహీంద్రా వాళ్ళు 1940ల చివరి నుంచి కూర్చుతూ వచ్చిందే కాబట్టి దాన్ని అలాగే వాడుకోవచ్చు. పైన ఖాకీ గుడ్డ టాపు వేసి, సాఫ్ట్ ప్లాస్టిక్ అద్దం తీసేసి, రైల్వే వాళ్ళ జీపులా గేటు దగ్గర ఆపాను. వీకింగ్ 1932 నుంచి ఉన్న కంపెనీ. అచ్చు ఎంత సన్నగా పోస్తారంటే దీని ముందు జాలీ గీతలు లెక్కపెట్టుకోవచ్చు. హెర్పా కార్లు నాలుగు కొన్నాను, అవి కొత్త కాలం కార్లు కాబట్టి ఈ లేఅవుట్‌కి సరిపోవు, కానీ ఇవాళ్టి నెల్లూరు స్టేషన్ కట్టేవాళ్ళకి చక్కగా పనికొస్తాయి. నంబరు ప్లేటు, హెడ్‌లైటు, పక్క సూచిక దీపాలు అన్నీ అచ్చేసి ఉంటాయి. లారీల్లో అద్దాలు విడిగా చిన్న కవర్లో పెట్టి ఇస్తారు, మనమే అతికించుకోవాలి. ఆ కవరు డబ్బాలోంచి జారిపోయే సైజు, టేబులు మీద తెల్ల గుడ్డ పరిచి విప్పండి.

అంబాసిడర్ లేకుండా 1970ల ఊరు ఎలా కడతాం? 1957 నుంచి 2014 దాకా మన రోడ్ల మీదికి వస్తూనే ఉన్న కారు, ఇంగ్లండు మోరిస్ ఆక్స్‌ఫర్డ్ మూడో సిరీస్ ఆధారంగా చేసింది. పెద్ద కంపెనీల హెచ్‌ఓ కేటలాగులన్నీ వెతికాను, నాకు కావలసినట్టు ఒక్కటీ కనపడలేదు. ఆ తొందరలోనే మోసపోయాను. ఒక ఆన్‌లైన్ అమ్మకందారు దగ్గర “1:87, పాత కాలం ఇండియన్ కారు” అని ఒక డైకాస్ట్, అంటే లోహంతో పోసిన కారు, కనపడితే రెండు తెప్పించాను. వచ్చాక కొలిస్తే 58 మిల్లీమీటర్లు. లెక్కేస్తే అది 1:75 కి దగ్గర, అంటే ఓఓ కంటే కూడా పెద్దది. జీపు పక్కన పెడితే లారీ అంత గంభీరంగా ఉంది. వెనక్కి పంపుతానంటే సీలు విప్పారు కాబట్టి కుదరదన్నారు. సీలు విప్పకుండా ఎలా కొలుస్తాం? రెండు వారాలు ఆ విషయం మీద బాధగానే ఉంది, 2,600 రూపాయలు తక్కువేం కాదు. ఇప్పుడు కొనేముందే పొడవు ఎన్ని మిల్లీమీటర్లో స్కేలు పక్కన పెట్టి ఫోటో తీసి పంపమని అడుగుతున్నాను. పంపనివాళ్ళ దగ్గర కొనడం లేదు.

చివరికి అంబాసిడర్ మన ఊళ్ళోనే దొరికింది. మా స్నేహితుడి కొడుకు ఇంజనీరింగ్ చదువుతూ ఇంట్లో రెజిన్ 3డి ప్రింటర్ పెట్టుకున్నాడు. కొలతలిచ్చి, పాత ఫోటోలు నాలుగు పక్కల నుంచీ చూపించి, 49.5 మిల్లీమీటర్లకి మూడు ప్రింటు చేయించుకున్నాను. ఒక్కొక్కటి 350 రూపాయలు. మొదటిసారి ప్రింటులో బానెట్టు మీద మెట్లు మెట్లుగా గీతలు వచ్చాయి, బండిని ఏటవాలుగా పెట్టి మళ్ళీ తీస్తే పోయాయి. కింద ఆధారంగా వచ్చే పుల్లల్ని విరిచాక మచ్చలు మిగులుతాయి, అవి కారు అడుగు భాగంలోనే పడేలా పెట్టమని చెప్పాలి. ప్రింటయ్యాక స్పిరిట్‌లో కడిగి యూవీ లైటు కింద గట్టిపరచకపోతే జిగటగానే ఉండిపోతుంది. గ్లౌజులు లేకుండా ముట్టుకోకూడదు. వీకింగ్ వాళ్ళ పనితనం దీనికి రాదు, అది నిజమే. కానీ తెల్ల రంగు వేసి గేటు దగ్గర లారీ వెనక నిలబెట్టాక లేఅవుట్ చూసినవాళ్ళందరూ మొదట ఈ కారునే చూపిస్తున్నారు. ఇదే పిల్లాడి చేత రెండు ఆటోలు, ఒక పల్లె బస్సు బాడీ కూడా చేయించాను. బస్సుకి ఎరుపు రంగు కుదిరింది, కిటికీ కడ్డీలు ప్రింటులో విరిగిపోతే చీపురు పుల్లలు సన్నగా చీల్చి పెట్టాను.

మనుషుల బొమ్మలు ప్రైజర్ వాళ్ళవి. రంగు వెయ్యని డబ్బా తీసుకోండి, చవక, పైగా మన బట్టలు మనం వేసుకోవచ్చు. పొడుగు గౌను వేసుకున్న ఆడమనిషికి టిష్యూ కాగితం ముక్క పల్చటి జిగురులో ముంచి భుజం మీంచి వేస్తే పవిట. ప్యాంటు మగవాడికి మోకాళ్ళ కింద వరకు ఎం-సీల్ పల్చగా చుట్టి తెల్ల రంగు వేస్తే పంచె. టోపీలు కోసెయ్యాలి. 19 మిల్లీమీటర్ల మనిషి కదా, ఒక్కొక్కరికి అరగంట పడుతుంది. రోజూ ఇద్దరు చొప్పున చేశాను.

ఖర్చు గురించి. బొమ్మల మీద దిగుమతి సుంకం 2020 బడ్జెట్లో 20 శాతం నుంచి 60 కి పెంచారు, 2023 లో 70 చేశారు. స్కేలు మోడళ్ళు కూడా ఆ బొమ్మల లెక్కలోకే వస్తాయి. పైగా సుంకం వస్తువు ధర ఒక్కదాని మీదే కాదు, పోస్టు ఖర్చు కూడా కలిపిన మొత్తం మీద, ఆ పైన మిగతా పన్నులు. ఈ సంగతి తెలియక జర్మనీ వెబ్‌సైట్లో యూరోలు చూసి చవకే కదా అనుకుంటే ఇంటికొచ్చే సరికి రెండింతలు దాటొచ్చు. నాకు షెడ్డు కిట్ అన్నీ కలిపి 7,800 అయింది, బ్రెకీనా లారీ 3,400. దేశంలోనే స్టాకు పెట్టుకున్న హాబీ షాపుల్లో ఒక్కోసారి దీనికంటే తక్కువకే దొరుకుతుంది, ముందు అక్కడ అడగండి. ఒక పార్సిల్లో రెండు మూడు వస్తువులు కలిపి తెప్పిస్తే పోస్టు ఖర్చు పంచుకున్నట్టవుతుంది. చెన్నైలో బంధువులున్నారు కాబట్టి ఒక పార్సిల్ అక్కడికి తెప్పించి పినాకిని ఎక్స్‌ప్రెస్‌లో తెచ్చుకున్నాను, ఒళ్ళో పెట్టుకుని. నెల్లూరు వరకు కొరియర్లో వచ్చిన ఇంకో డబ్బాలో గూడ్స్ షెడ్డు చూరు స్తంభం ఒకటి విరిగింది, అతికించుకున్నాను.

మన ఎండ గురించి ఎవరూ చెప్పరు కాబట్టి నేను చెప్తాను. మేడ మీద గది, పడమటి కిటికీ, మే నెల. కిటికీ పక్కనే అద్దం వెనక ఉంచిన పల్చటి ప్లాస్టిక్ కప్పు మధ్యలో వంగింది. లేఅవుట్‌ని ఎండ తగిలే గోడకి దూరంగా జరిపాను, కప్పు లోపల అడ్డంగా రెండు ప్లాస్టిక్ పట్టీలు అంటించాను, ఆ తరవాత వంగలేదు. మెత్తటి రబ్బరు లాంటి టైర్లున్న బండ్లని ప్లాస్టిక్ రోడ్డు మీద నేరుగా నెలల తరబడి నిలబెట్టకండి, ఆ టైరులోని నూనె లాంటి పదార్థం ప్లాస్టిక్‌ని కరిగిస్తుంది, గుంట పడుతుంది. కింద కాగితం ముక్క పెట్టినా చాలు. పాత డైకాస్ట్ బండ్లు కొనేవాళ్ళు లోహం మీద సన్నటి పగుళ్ళు, పొంగిన రంగు చూస్తే వదిలెయ్యండి. జింకు మిశ్రమంలో సీసం లాంటి మలినం ఉంటే తేమకి లోపల నుంచే పొడిగా రాలిపోతుంది, మనలాంటి సముద్రం పక్క ఊళ్ళలో ఇంకా తొందరగా. దానికి వైద్యం లేదు.

కొత్త మోడళ్ళు ఎప్పుడొస్తాయో తెలియాలంటే జనవరి చివర, ఫిబ్రవరి మొదట్లో చూడండి. జర్మనీలో న్యూరెంబర్గ్ ఆటబొమ్మల ప్రదర్శన జరిగేది అప్పుడే, 1950 లో మొదలైంది. ఫాలర్, హెర్పా, వీకింగ్ లాంటివాళ్ళు ఏడాది కొత్త సరుకు సాధారణంగా ఆ సమయంలో ప్రకటిస్తారు. ప్రకటించినవన్నీ వెంటనే రావు, కొన్ని ఏడాది చివరికి వస్తాయి, మరికొన్ని ఒకసారి అచ్చుపోసి ఆపేస్తారు. నచ్చింది కనపడితే ముందే చెప్పి ఉంచుకోవడం నయం. నేను ఆ పాత టాటా మొహం లారీ రెండోది కొందామని మూడు నెలలు ఆగాను, ఈలోపు నాకు కావలసిన నీలం రంగు అయిపోయింది, ఆకుపచ్చది తీసుకుని రంగు మార్చుకున్నాను.

ఫాలర్ వాళ్ళ కార్ సిస్టమ్ అని ఒకటి 1989 నుంచి ఉంది, రోడ్డు కింద గాడిలో సన్నటి ఇనుప తీగ, బండి ముందు చక్రాలకి అయస్కాంతం, తీగ వెంబడి బండి తనంతట తానే తిరుగుతుంది. హాంబర్గ్‌లోని మినియేచర్ వండర్‌ల్యాండ్ వీడియోల్లో చూసే లారీలు, బస్సులు ఆ పద్ధతి నుంచి వచ్చినవే. చూస్తే కొనాలనిపిస్తుంది. నేను కొనలేదు, నా గేటు దగ్గర బండ్లు ఆగి ఉండాలి. గేటు పడితే బండి దిగి బీడీ వెలిగించుకునే డ్రైవరు, గేదెల్ని పక్కకి తోలే పిల్లాడు, సైకిలు వంచి గేటు కింద నుంచి దూరే మనిషి, ఇవన్నీ ఆగి ఉంటేనే కనపడతాయి.

ఎవరికి ఏది అంటే, మొదటిసారి అయితే ఔహాగెన్ గూడ్స్ షెడ్డు ఒకటీ, వీకింగ్ జీపు ఒకటీ, ప్రైజర్ రంగు లేని మనుషులూ. పాత కాలం కట్టేవాళ్ళకి బ్రెకీనా మెర్సిడెస్ లారీ తప్పనిసరి. ఫాలర్ షెడ్డు ఖరీదు ఎక్కువే, ఆవిరి ఇంజన్ ఉన్నవాళ్ళకి మాత్రం పెట్టిన ప్రతి రూపాయీ గిట్టుతుంది. ఎమ్‌డీఎఫ్ ఇల్లు కొలతలు ముందు అడిగి కొనండి. 1:87 అని రాసిన పేరు లేని డైకాస్ట్ కార్లు వద్దు. మన బండ్ల కోసం దగ్గర్లో ప్రింటర్ ఉన్న పిల్లవాణ్ణి వెతుక్కోండి.

నా తరవాతి పని పొగాకు బ్యారన్, అంటే పచ్చి ఆకుని వేడి మీద ఆరబెట్టే కట్టడం. కందుకూరు, టంగుటూరు వైపు వెళ్తే పొలాల్లో నిలువుగా, కిటికీలు లేకుండా, పక్కన పొయ్యి గొట్టంతో నిలబడి ఉంటాయి కదా, ఆ బ్యారన్ ఏ కంపెనీ కేటలాగులోనూ నాకు కనపడలేదు. ఔహాగెన్ కిట్‌లో మిగిలిపోయిన ఇటుక గోడ ముక్కలు, సన్‌బోర్డు అనే తేలికపాటి అట్ట, ఫాలర్ ఇళ్ళ నుంచి కోసి దాచిన పొగగొట్టాలు ఉన్నాయి. పోయిన ఆదివారం నాయన్ని బండి మీద ఎక్కించుకుని టంగుటూరు దాకా వెళ్ళి ఒక పాత బ్యారన్‌కి టేపు పట్టుకుని కొలతలు తీసుకున్నాం, టేపు అవతలి కొస ఆయనే పట్టుకున్నాడు.